బెజవాడలో ఇల్లా, పక్క ఊళ్లో ఉండి అప్ అండ్ డౌనా? పిల్లలున్నవాళ్లు తేల్చుకునే పద్ధతి

వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయంటే ఈ ప్రశ్న మొదలవుతుంది. "ఉద్యోగం బెజవాడలో. పాపని ఒకటో తరగతిలో చేర్చాలి. పటమటలో రెండు గదులకి అడిగే అద్దెకి మంగళగిరిలో ఇల్లంతా వస్తోంది. మారిపొమ్మంటారా?" కొందరు మంగళగిరి బదులు తెనాలి అంటారు, కొందరు గన్నవరం, కంకిపాడు, ఉయ్యూరు అంటారు. గుంటూరులో ఉద్యోగం, తెనాలిలో ఇల్లు ఉన్నవాళ్లదీ ఇదే గొడవ.

అందరికీ ఒకే జవాబు ఉండదు కానీ, తేల్చుకునే పద్ధతి ఒకటే. అడిగిన ప్రతివాళ్లకీ నేను ముందు చెప్పే మాట ఇది: ఇల్లు దూరంగా పెట్టుకుంటే ఎవరో ఒకరు రోజూ తిరగాలి. తిరిగేది పెద్దవాళ్లయితే పక్క ఊరు బాగానే ఉంటుంది. తిరిగేది పిల్లలయితే ఎంత మంచి ఇల్లు దొరికినా వద్దు.

ఇది అద్దెకుండేవాళ్ల కోసం రాశాను. స్థలం కొని రేటు పెరిగాక అమ్ముకుందామనుకునేవాళ్ల లెక్కలు వేరు, అవి ఇందులో లేవు.

కావలసినవి

- ఒక నోటు పుస్తకం. ఫోన్లో రాస్తే ఇంట్లో ఒక్కరే చూస్తారు. పుస్తకం బల్ల మీద ఉంటే ఇద్దరూ చూస్తారు.
- గత మూడు నెలల ఇంటి ఖర్చు, ఉజ్జాయింపుగానైనా.
- మీరు సెలవు పెట్టుకోగలిగిన రెండు పనిదినాలు. ఆదివారం చూసిన దారి, చూసిన ఇల్లు లెక్కలోకి రావు.
- నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చూపే టీడీఎస్ మీటరు. రెండు మూడు వందల్లో చిన్నది దొరుకుతుంది.
- పిల్లల ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఇప్పుడు చదువుతున్న బడి నుంచి స్టడీ సర్టిఫికెట్. టీసీ మాత్రం ఇప్పుడే తీసుకోకండి. కొత్త బడిలో సీటు ఖాయమయ్యాకే.
- ఆ ఊళ్లో తెలిసినవాళ్లు ఒక్కరైనా. పిల్లలున్నవాళ్లయితే మరీ మంచిది.

మొత్తం పని మూడు నాలుగు వారాలు పడుతుంది.

1. ఎవరు ఎన్ని గంటలు తిరుగుతున్నారో రాయండి

ఒక పేజీలో నిలువు గీతలు కొట్టి ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక గడి ఇవ్వండి. ఇంటి గడప దాటిన దగ్గర్నుంచి ఆఫీసులోనో తరగతిలోనో కూర్చునేదాకా ఎంతసేపో అందులో రాయండి. బస్సు ఎక్కాక పట్టే టైము ఒక్కటే రాస్తే తప్పు. స్టాపు దాకా నడక, ఎదురుచూపు, దిగాక షేర్ ఆటో, అన్నీ కలపాలి. ఇప్పుడున్న ఇంటికి ఒక వరస, అనుకుంటున్న ఇంటికి ఒక వరస.

పిల్లల గడి దగ్గర కాసేపు ఆగండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలుండాలి. బడి బస్సులో పోను గంటంబావు, రాను గంటంబావు అనుకోండి. ఏడాదికి 550 గంటలు. అదే బడి ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఉంటే 150 గంటలకి లోపే. తేడా 400 గంటలు. నిద్ర, ఆట, అమ్మానాన్నలతో కబుర్లు, ఊరికే కూర్చోవడం, అన్నీ ఆ 400 గంటల్లోనే పోతాయి.

బడి బస్సు గురించి ఒక సంగతి చాలామందికి తట్టదు. రూటు చివర ఉన్న పిల్లలు పొద్దున అందరికంటే ముందు ఎక్కుతారు, చాలా రూట్లలో సాయంత్రం అందరికంటే ఆఖర్న దిగుతారు. బడివాళ్లు "నలభై నిమిషాలండీ" అని చెప్పేది సూటి దారి లెక్క. మీ స్టాపు ఎన్నోది, మొదటి పిల్ల ఎన్నింటికి ఎక్కుతుంది అని డ్రైవరునే అడగండి. ఆఫీసు గదిలో అడిగితే వచ్చే జవాబు వేరుగా ఉంటుంది.

అమ్మ గడి కూడా నిజాయితీగా నింపండి. చాలా ఇళ్లలో నాన్న ప్రయాణం ఒక్కటే లెక్కలోకి వస్తుంది. పాపని బడిలో దింపడం, మధ్యలో జ్వరమొచ్చిందని ఫోనొస్తే పరుగెత్తడం, ట్యూషన్‌కి తీసుకెళ్లడం అమ్మ ఖాతాలో పడినా ఎవరూ రాయరు. ఆమెకీ ఉద్యోగముంటే, పిల్లల బడి ఒకవైపు, ఆమె ఆఫీసు ఇంకోవైపు అయ్యే ఇల్లు ముందే కొట్టేయండి.

2. పిల్లల వయసుకి ఐదేళ్లు కలపండి

ఇల్లు చూసేది ఈ జూన్ కోసమే కాదు. ఐదేళ్ల తర్వాత పిల్లలు ఎక్కడుంటారో చూసుకుని నిర్ణయించండి.

ఆరేళ్లలోపు పిల్లలకి కావలసింది ఆడుకునే చోటు, దగ్గర్లో పిల్లల డాక్టరు, వీలైతే అమ్మమ్మో నాయనమ్మో. ఈ వయసుకి పక్క ఊరే నయమని నా అభిప్రాయం. తెనాలిలోనో గుడివాడలోనో మీ పెద్దవాళ్లుంటే ఇంక ఆలోచించక్కర్లేదు. నాన్న రోజూ రైల్లో తిరిగినా పాపకి తాతయ్య దొరుకుతాడు.

ఒకటి నుంచి ఏడు దాకా నడిచి వెళ్లగలిగే బడి ఎక్కడ ఉంటే ఇల్లు అక్కడ. అది పక్క ఊళ్లో ఉన్నా సరే, పట్నంలో ఉన్నా సరే.

ఎనిమిది, తొమ్మిది తరగతులకొచ్చేసరికి కథ మారుతుంది. ట్యూషన్లు, ఒలింపియాడ్ క్లాసులు, స్నేహితులు వస్తారు. అప్పటిదాకా ఊళ్లోనే చదివిన పిల్లాణ్ని పట్నానికి మార్చాలనుకుంటే ఎనిమిదో తరగతి మొదట్లోనే మార్చండి. తొమ్మిది సగంలోనో పదో తరగతిలోనో కదపకండి. కొత్త బడి, కొత్త మిత్రులు, పబ్లిక్ పరీక్ష, మూడూ ఒకేసారి పిల్లాడి మీద పడతాయి.

ఇంటర్ కోసమే పట్నంలో ఉండాలంటారు కొందరు. బెజవాడ చుట్టుపక్కల పోరంకి, నిడమానూరు, గూడవల్లి, గోసాల వైపు కాలేజీల హాస్టళ్లు ఎన్ని ఉన్నాయో చూడండి. మీరు సిటీ నడిబొడ్డున ఉన్నా పిల్లల్ని హాస్టల్లో వేసే ఉద్దేశముంటే ఇంటర్‌ని ఈ లెక్కలోంచి తీసేయొచ్చు. ఇంకో అనుమానం కూడా తరచుగా అడుగుతారు: ఊరు మారితే ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్, లోకల్ కోటా పోతుందా అని. పాత కృష్ణా, గుంటూరు జిల్లాలు రెండూ ఆంధ్రా యూనివర్సిటీ లోకల్ ఏరియాలోవే. బెజవాడ నుంచి తెనాలి మారినంత మాత్రాన ఏమీ పోదు. స్టడీ సర్టిఫికెట్లు జాగ్రత్తగా దాచుకోండి, అంతే.

3. బడి ముందు, ఇల్లు తర్వాత

మనవాళ్లు తలకిందులుగా చేసే పని ఇది. ముందు ఇల్లు ఖాయం చేసి, అడ్వాన్స్ ఇచ్చి, అప్పుడు "దగ్గర్లో మంచి కాన్వెంట్ ఏదండీ" అని అడుగుతారు. మొదట రెండు మూడు బడులు ఎంచుకోండి. వాటికి నడిచే దూరంలోనే టూలెట్ బోర్డులు వెతకండి.

బడి చూసేటప్పుడు బయట ఫ్లెక్సీ మీద ర్యాంకులు చదవకండి. ఇవి చూడండి:

- గుర్తింపు. ప్రతి గుర్తింపు పొందిన బడికీ ప్రభుత్వం ఇచ్చే 11 అంకెల యూడైస్ నంబరు ఉంటుంది. సీబీఎస్‌ఈ అంటే అఫిలియేషన్ నంబరు అడిగి బోర్డు వెబ్‌సైట్లో చూసుకోవచ్చు. ఆరో తరగతి దాకానే అనుమతి ఉండి పైతరగతుల పిల్లల్ని ఇంకో బ్రాంచి పేరు మీద రాయించే బడులుంటాయి. "పదో తరగతి హాల్ టికెట్ ఈ బడి పేరు మీదే వస్తుందా?" అని సూటిగా అడగండి.
- బడి వదిలే టైముకి గేటు దగ్గర పావుగంట నిలబడండి. పిల్లల మొహాలు చూడండి, అక్కడున్న తల్లులతో మాట్లాడండి. లోపల ప్రిన్సిపాల్ గారు అరగంట చెప్పినదానికంటే ఇక్కడ ఎక్కువ తెలుస్తుంది.
- ఆట స్థలం ఉందా, అందులో ఆడనిస్తారా. రెండూ వేరు ప్రశ్నలు.

పక్క ఊళ్లో ప్రభుత్వ హైస్కూలు, జిల్లా పరిషత్ స్కూలు కూడా ఒకసారి వెళ్లి చూడండి. చూడకుండానే కొట్టిపారేసేవాళ్లే ఎక్కువ.

ఇక అన్నిటికంటే చెడ్డ ఏర్పాటు ఏమిటంటే ఇల్లు పక్క ఊళ్లో, బడి మాత్రం బెజవాడలో. అద్దె మిగిలినట్టూ ఉంటుంది, పేరున్న బడిలో వేసినట్టూ ఉంటుంది, అందుకే ఎక్కువమంది ఇందులో పడతారు. పిల్లలకి స్నేహితులంతా పాతిక కిలోమీటర్ల అవతల ఉంటారు. సాయంత్రం వీధిలో ఆడుకునే పిల్లలు వీళ్లకి కొత్త. ఆ ఊరూ కాదు, ఈ ఊరూ కాదు. ఊళ్లో మీకు నచ్చే బడి లేకపోతే ఆ ఊరే వద్దనుకోండి.

4. దారిని పనిరోజున పరీక్షించండి

ఆ ఇంటి నుంచి మీ ఆఫీసుకి, మీరు రోజూ వెళ్లబోయే టైముకి, వెళ్లబోయే బండి మీదే వెళ్లిరండి. సోమవారం ఒకటి, మధ్యలో ఒక రోజు. ఒక్కో దారికి ఒక్కో తంటా ఉంది.

మంగళగిరి, తాడేపల్లి: బెజవాడకి పదమూడు కిలోమీటర్లలోపే. కనకదుర్గ వారధి దాటేవరకు హాయిగా వస్తారు. దూరంగా వెళ్లేవాళ్లని బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ దాటిస్తుంది కానీ, మీ ఆఫీసు బందరు రోడ్డు మీదో గవర్నరుపేటలోనో ఉంటే మీరు కిందకి దిగాల్సిందే. ప్రకాశం బ్యారేజీ మీదుగా బైకులు, కార్లు వెళ్తాయి, పెద్ద బండ్లు వెళ్లవు. వన్‌టౌన్ వైపు పనైతే అదే మేలు.

తెనాలి: దీన్ని రోడ్డు మీద ఆలోచించకండి, రైలు ఊరు ఇది. దుగ్గిరాల, పెదవడ్లపూడి, కృష్ణా కెనాల్ మీదుగా సుమారు ముప్పై కిలోమీటర్లు. టైంటేబుల్ చూసి మాత్రం మోసపోవద్దు. బెజవాడ స్టేషన్ రద్దీ సంగతి అందరికీ తెలిసిందే, ప్లాట్‌ఫాం ఖాళీ లేక ఔటర్లో నిలబెట్టేస్తారు. అందుకని మీరు ఎక్కబోయే రైలు గత పది పదిహేను రోజుల్లో నిజంగా ఎన్నింటికి చేరిందో రైలు ట్రాకింగ్ యాప్‌లో చూసి రాసుకోండి. ఆ రైలు తప్పితే తర్వాతది ఎంతసేపటికి ఉందన్నది కూడా రాయండి. రెండో జవాబే ముఖ్యం. గంటన్నర దాకా ఇంకో రైలు లేకపోతే ప్రతి సాయంత్రం టెన్షనే.

గుంటూరు: రైలు, బస్సు రెండూ ఉన్నాయి కాబట్టి ఒకటి తప్పితే ఇంకొకటి. కారులో తిరిగితే కాజ టోల్ ప్లాజా దారిలో పడుతుంది.

కంకిపాడు, ఉయ్యూరు: రైలు లేదు, బందరు రోడ్డు ఒక్కటే. పోరంకి, కానూరు దగ్గర పొద్దున కాలేజీ బస్సుల మధ్య ఇరుక్కుంటారు. గన్నవరం వైపు నుంచి వచ్చేవాళ్లు రామవరప్పాడు రింగు దగ్గర ఎంతసేపు ఆగుతున్నారో విడిగా రాసుకోవాలి. గుడివాడకి ఉప్పలూరు, నిడమానూరు మీదుగా రైలుంది కానీ నలభై కిలోమీటర్లు దాటిన దూరం. చిన్న పిల్లలున్న ఇంట్లో రోజూ అంటే నేను వద్దనే చెబుతాను, అక్కడ పెద్దవాళ్లుంటే తప్ప.

హెచ్చరికలు రెండు. ఒకటి, దసరా పది రోజులూ ఇంద్రకీలాద్రి చుట్టూ దారులు మళ్లిస్తారు. భవానీ దీక్షల విరమణ అప్పుడూ, ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలప్పుడూ కొన్ని దారులు మామూలుగా ఉండవు. ఆ రోజులకి మీ రెండో దారి ఏమిటో ముందే చూసుకోండి. రెండు, రాబోయే రోడ్లని నమ్మి ఇల్లు తీసుకోకండి. విజయవాడ మెట్రో మాట ఎన్నేళ్లుగా వింటున్నామో మీకూ తెలుసు. ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకి 57 కిలోమీటర్ల రైలు మార్గాన్ని కేంద్రం 2024 అక్టోబరులో ఆమోదించింది. మంచిదే. కానీ మీ పాప బడికి వెళ్లేది ఈ జూన్ నుంచి. ఇప్పుడు బండి తిరుగుతున్న దారే లెక్క.

5. మిగులు నిజంగా మిగులో కాదో చూడండి

అద్దె తేడా ఒక్కటే చూస్తే పక్క ఊరే గెలుస్తుంది. దాంట్లోంచి ప్రయాణం ఖర్చు తీసేయండి. ఇల్లు ఆఫీసుకి పాతిక కిలోమీటర్లుంటే, నెలకి 24 రోజులు, పోను రాను కలిపి 1,200 కిలోమీటర్లు. పెట్రోలు లీటరు 110 రూపాయలనుకోండి. లీటరుకి 50 ఇచ్చే బైకు మీద 2,640 రూపాయలు. లీటరుకి 15 ఇచ్చే కారులో 8,800. సర్వీసింగు, టైర్లు, టోలు వీటికి అదనం. అంటే అద్దెలో ఏడు వేలు మిగులుతుందని వెళ్లి కారులో తిరిగితే నెలకి పద్దెనిమిది వందలు ఎదురు పెడుతున్నారు.

తగ్గించుకునే దారులున్నాయి:

- 150 కిలోమీటర్లలోపు దూరాలకి రైల్వే నెలవారీ, మూడు నెలల సీజన్ టికెట్లు ఇస్తుంది. బైకు పెట్రోలుతో పోలిస్తే చాలా చవక. రిజర్వేషన్ బోగీలో మాత్రం ఎక్కకూడదు. సూపర్‌ఫాస్ట్‌లో వెళ్లాలంటే దానికి అదనపు చార్జీ ఉంటుంది, టికెట్ తీసుకునేటప్పుడే అడగండి.
- 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద రాష్ట్రంలోని ఆడవాళ్లకి పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఉచితం. ఇంట్లో ఉద్యోగం చేసేది ఆమె అయితే లెక్క పూర్తిగా మారిపోతుంది. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు దగ్గరుండాలి. సీటు దొరుకుతుందా అన్నది నాలుగో అంచె పరీక్షలోనే చూసుకోవాలి.
- సొంత కారుకి ఫాస్టాగ్ వార్షిక పాస్ ఉంది. అదే 2025 ఆగస్టు 15న మొదలుపెట్టినప్పుడు 3,000 రూపాయలు, 200 సార్లు దాటడానికి. రోజూ రెండుసార్లు దాటేవాళ్లకి అది ఏడాది రాదు, నాలుగు నెలల్లో అయిపోతుంది. ఇల్లు టోల్ ప్లాజాకి 20 కిలోమీటర్లలోపు ఉంటే నెలవారీ లోకల్ పాస్ అడగండి, అదే నయం కావొచ్చు.

ఇంకా కనపడని ఖర్చులుంటాయి. ఇంట్లో రెండో బండి, ఇద్దరూ ఆలస్యంగా వచ్చే రోజు పిల్లలని చూసుకునే మనిషి, అలసిపోయి తెప్పించుకునే టిఫిన్లు. వీటికి ఒక అంకె వేయండి, సున్నా మాత్రం వేయకండి. పట్నం వైపు గడిలో కూడా ఇంతే. పార్కింగు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, వేసవిలో ట్యాంకరు నీళ్లు రాయకపోతే అది తక్కువగా కనిపిస్తుంది.

6. ఇల్లు చూసేటప్పుడు

వరద సంగతి మొట్టమొదట. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు వాగు సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం వైపు ఎలా ముంచిందో అందరం చూశాం. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకి చేరింది. ఇది సిటీ బాధ మాత్రమే కాదు. నందిగామ దగ్గర ఐతవరంలో హైదరాబాద్ రోడ్డు మీదకి నీళ్లొచ్చి రాకపోకలు ఆగాయి, గుడివాడ వైపు నందివాడ మండలం మునిగింది. ఏ ఇల్లు చూసినా ఇంటాయన్ని కాదు, ఎదురింటివాళ్లని అడగండి: "ఆ సెప్టెంబరులో ఇక్కడ నీళ్లు ఎంతవరకు వచ్చాయి?" కొత్త రంగు గోడకి కింద మూడడుగులే వేసి ఉంటే అదీ ఒక జవాబే.

నీళ్లు: కుళాయి నీళ్లు, బోరు నీళ్లు విడివిడిగా గ్లాసుల్లో పట్టి మీటరు పెట్టండి. తాగే నీటికి భారతీయ ప్రమాణం ప్రకారం టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా మంచిది. వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా ఒప్పుకుంటారు. డెల్టా ఊళ్లలో ఒక వీధి బోరు తియ్యగా, పక్క వీధి బోరు ఉప్పగా ఉండటం మామూలే, అందుకని ఊరిని బట్టి కాదు, ఇంటిని బట్టి చూడండి. మీటరు చూపేది కరిగిన ఉప్పులని మాత్రమే, సూక్ష్మక్రిములని కాదు. అంకె తక్కువ వచ్చిందని కాచకుండా, ఫిల్టరు లేకుండా పిల్లలకి తాగించొద్దు.

గాలి: ఇబ్రహీంపట్నం, కొండపల్లి వైపు చూస్తుంటే థర్మల్ స్టేషన్ బూడిద సంగతి అడగండి. మధ్యాహ్నం డాబా పిట్టగోడ మీద తడి తెల్లగుడ్డ రాయండి, తెలిసిపోతుంది. పిల్లలకి ఆయాసం ఉంటే ఇది పక్కన పెట్టే విషయం కాదు. పొలాల పక్క ఇళ్లలో కోతలయ్యాక గడ్డి తగలబెట్టే పొగ, దోమలు. సిటీలో రోడ్డు పక్క మొదటి అంతస్తయితే దుమ్ము, హారన్లు.

7. రాత్రి పదింటికీ, ఆదివారం సాయంత్రానికీ ఒకసారి వెళ్లండి

రాత్రి పదింటికి ఆ వీధిలో నిలబడి, ఇప్పుడు పిల్లకి జ్వరం నూట మూడు ఉంటే ఎక్కడికి వెళ్లాలి, ఆటో దొరుకుతుందా అని చూడండి. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది, గుంటూరులో జీజీహెచ్ ఉంది, తెనాలిలో జిల్లా ఆసుపత్రి ఉంది. మీకు కావలసింది మాత్రం రాత్రి ఫోనెత్తే పిల్లల డాక్టరు. మందుల షాపు అతన్ని అడగండి, ఊళ్లో ఏ డాక్టరు దొరుకుతాడో ఆయనకే తెలుసు.

ఆదివారం సాయంత్రం పిల్లలు ఎక్కడున్నారో చూడండి. వీధిలో ఆడుతున్నారా, ఇళ్లలో ఫోన్లు పట్టుకున్నారా? పట్నంలో పిల్లలకి దొరికేవి తక్కువేమీ కాదు. జనవరిలో పుస్తకాల పండుగ, ఠాగూర్ లైబ్రరీ, తుమ్మలపల్లి కళాక్షేత్రంలో కార్యక్రమాలు, ఇందిరాగాంధీ స్టేడియం. కానీ వీటికి ఏడాదిలో ఎన్నిసార్లు తీసుకెళ్లారో గుర్తు తెచ్చుకోండి. రెండు మూడు సార్లే అయితే తెనాలి నుంచి కూడా అన్నిసార్లు రావచ్చు. వారానికి నాలుగు రోజులు ఈతకో బ్యాడ్మింటన్‌కో వెళ్లే పిల్లయితే పట్నం వైపు ఒక పెద్ద మార్కు వేయండి. నాటకం, పద్యం, సంగీతం మీద ఇష్టమున్న పిల్లలకి తెనాలి తీసిపోదు.

8. పదకొండు నెలలు అద్దెకే దిగండి

సొంతిల్లు, ఫ్లాటు మాట ఇప్పుడు ఎత్తకండి. అద్దె కాగితంలో ఖాళీ చేయడానికి ఒక నెల నోటీసు అని రాయించుకోండి, అడ్వాన్స్ రెండు మూడు నెలలు మించకుండా చూసుకోండి. బెజవాడ సామాన్లన్నీ ఒకేసారి తరలించినా ఫర్వాలేదు, గ్యాస్ కనెక్షన్, ఆధార్ చిరునామా మార్పు మాత్రం మూడో నెల దాకా ఆపండి.

ఒకవేళ రెండు ఊళ్ల మధ్య తేలకపోతే మధ్యదారి ఒకటుంది. కానూరు, పోరంకి, ఎనికేపాడు, గొల్లపూడి, తాడేపల్లి లాంటి అంచు ప్రాంతాలు. అద్దె నడిబొడ్డు కంటే తక్కువ, సిటీ బస్సు అందుతుంది. అయితే వీటిలో కొన్నిచోట్ల డ్రైనేజీ ఇంకా సరిగా లేదు, వానాకాలం ఒకసారి చూస్తేనే తెలుస్తుంది. వేసవిలో చూసి ముచ్చటపడకండి.

ఎక్కువగా జరిగే తప్పులు

*పచ్చని పొలం చూసి ఇల్లు తీసుకోవడం.* ఆ పొలం వచ్చే ఏడాది వెంచరు కావొచ్చు.

*"నేను తట్టుకోగలను" అనుకోవడం.* మొదటి నెల ఎవరైనా తట్టుకుంటారు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం బండి మీద, నవంబరు వానలో రాత్రి ఎనిమిదింటికి కూడా ఇదే మాట అనగలరా అని ఆలోచించండి. పిల్లలు మేలుకుని ఉండగా ఇంటికి చేరని నాన్న, ఎక్కడ ఉన్నా ఒకటే. వారంలో నాలుగు సాయంత్రాలైనా రాత్రి ఏడున్నరకల్లా ఇంట్లో ఉండలేకపోతే పక్క ఊరు ఒప్పుకోకండి.

*బంధువుల మాట మీద వెళ్లడం.* "మా వాళ్లంతా అక్కడే ఉన్నారు" అన్నది మంచిదే, వాళ్ల పిల్లలు మీ పిల్లల వయసువాళ్లేనా, వాళ్లు నిజంగా సాయపడతారా, లేక పండక్కి మాత్రమే కలుస్తారా అన్నది అడిగి చూడండి. అత్తగారినీ అమ్మనీ కూడా ముందుగా సూటిగా అడగాలి. డెబ్బై ఏళ్ల మనిషి మీద ఇద్దరు చిన్న పిల్లలని రోజంతా వదిలి, అదే ఏర్పాటు అనుకోకూడదు.

*పిల్లలని అడగకపోవడం.* పదేళ్లు దాటినవాళ్లయితే బడి చూడటానికి వెంట తీసుకెళ్లండి. నిర్ణయం వాళ్ల మీద పెట్టొద్దు. వాళ్లకేం భయమో మాత్రం వినండి. చాలాసార్లు అది ఒక్క స్నేహితురాలి గురించే ఉంటుంది, నెలకోసారి కలిపిస్తే సరిపోతుంది.

సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడం

మారిన మూడో నెలలో ఒక మామూలు వారం తీసుకోండి. పండగలు, పరీక్షలు లేని వారం. పుస్తకం మళ్లీ తీసి ఇవి రాయండి:

- పిల్లలు ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేస్తున్నారు? ప్రాథమిక తరగతుల పిల్లలకి తొమ్మిది గంటలకి తగ్గకూడదు.
- వారంలో ఎన్ని సాయంత్రాలు బయట ఆడుకున్నారు? కొత్త స్నేహితుల్లో ఒక్కరి పేరైనా మీకు తెలుసా?
- అందరూ కలిసి భోంచేసిన పూటలెన్ని?
- మొదటి అంచెలో వేసిన ప్రయాణం గంటలకీ ఇప్పటి గంటలకీ తేడా ఎంత? మూడోవంతు కంటే ఎక్కువ పెరిగితే దారి లెక్క తప్పింది.
- నెలాఖరుకి నిజంగా ఎంత మిగిలింది?
- అమ్మకి తనకంటూ రోజుకి అరగంట దొరుకుతోందా?

ఇందులో మొదటి రెండూ బాగుండి మిగతావి కొంచెం అటూ ఇటూ అయితే ఉండిపోండి, సర్దుకుంటాయి. డబ్బు మిగిలి మొదటి రెండూ పాడైతే మిగులు చూసి మురిసిపోవద్దు. ముందు ఇల్లు మార్చకండి, బడి దగ్గరిది ఉందేమో చూడండి. బడి మారిస్తే తీరే ఇబ్బందికి చాలామంది సామాన్లు సర్దుకుని వెనక్కి వచ్చేస్తారు. బడి బాగుండి నాన్న ప్రయాణమే భరించలేనిదైతే షిఫ్టు మార్పు, వారంలో ఒకటి రెండు రోజులు ఇంటి నుంచి పని అడిగి చూడండి.

అదీ కుదరకపోతే తిరిగి మారడానికి టైము చూసుకోండి. రాష్ట్ర సిలబస్ బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు, సీబీఎస్‌ఈ బడులు చాలావరకు ఏప్రిల్లోనే మొదలవుతాయి. కాబట్టి సీబీఎస్‌ఈ నుంచి సీబీఎస్‌ఈకి మారేవాళ్లు ఫిబ్రవరిలోనే సీటు అడగాలి. రాష్ట్ర సిలబస్ వాళ్లు సీటు ఖాయం చేసుకుని, చివరి పనిదినం దాటకముందే టీసీ చేతికి తీసుకోండి. మే నెలలో వెళ్తే చాలా బడుల్లో సంతకం పెట్టే మనిషి దొరకరు.